నీళ్ళ ట్యాంకు మీద ఒక ఖాళీ హోల్డరు

కరెంటు పని అంటే కరెంటు ఇచ్చే పని అనుకుని నేను ఉద్యోగంలో చేరాను. చేరిన కొద్దినాళ్ళకే తెలిసింది, అసలు పని కరెంటు తీసేయడంలో ఉందని. తీసేయాలి, మనిషిని స్తంభం ఎక్కించాలి, పని చేయించాలి, క్షేమంగా దింపుకోవాలి, ఆ తర్వాతే మళ్ళీ ఇవ్వాలి. ఈ వరసలో ఒకటి ముందూ వెనకా అయిందంటే ఎవరి ఇంట్లోనో ఏడుపు మొదలవుతుంది. చెప్పడానికి ఇది రెండు ముక్కలే. ఒంటబట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా వీధిలో ఒకతను ఈ మధ్యే కరెంటాఫీసులో ఇంజనీరుగా చేరాడు. ఒకరోజు వచ్చి, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది సార్ అని అడిగాడు. ఏదో సబ్‌స్టేషను పేరు చెబుతానని ఎదురుచూశాడు. కుప్పంలో ఒక సాయంత్రం నీళ్ళ ట్యాంకుకు బల్బులు పెట్టించాను, అదే అన్నాను. ముసలాయనకు మతి తప్పిందనుకున్నాడో ఏమో, కాఫీ తాగి మర్యాదగా వెళ్ళిపోయాడు. ఇది అతని కోసమూ, అతనిలాంటి వాళ్ళ కోసమూ రాస్తున్నాను.

నా ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు ఇందులో ఉండవు. ఆ కాగితాలు అటక మీద ఉన్నాయి, చెదలు తింటున్నాయి, తిననీ. చిత్తూరు జిల్లా సోమల దగ్గరి పల్లెలో పుట్టి, డిప్లొమా చదివి, డెబ్బయిల మొదట్లో మదనపల్లెలో సూపర్‌వైజరుగా చేరాను. తర్వాత పుంగనూరు, ఆ తర్వాత కుప్పం. ఒక్కో ఊళ్ళో ఒక్కో పాఠం నేర్చుకున్నాను. మొదటి రెండూ లేకపోతే మూడోది జరిగేది కాదు.

మదనపల్లె: పైన నేనున్నాను

లైను మీద పని చేయాలంటే ముందు ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియరు. సబ్‌స్టేషన్లో ఉన్న ఆపరేటరు లైను ఆపి, ఎవరు అడిగారో వాళ్ళ పేరు మీద ఎల్‌సీ ఇస్తాడు. పని అయ్యాక ఆ మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. అతని అన్న ఇవ్వకూడదు, అతని ఆఫీసరు ఇవ్వకూడదు, దేవుడు దిగొచ్చి ఇచ్చినా తీసుకోకూడదు. ఇది పుస్తకంలో ఉండే రూలు. ఫోన్లు సరిగా పలకని ఆ రోజుల్లో ఈ రూలును ఎవరెంత పాటించేవారో నేను చెప్పనక్కర్లేదు.

ఒకరోజు గాలివానకు పెద్దమండ్యం వైపు లైను తెగింది. లైన్‌మన్‌కు జ్వరం. వయసులో ఉన్నాను, స్తంభం ఎక్కడం నాకు సరదా కూడా. నా పేరు మీదే ఎల్‌సీ తీసుకుని నేనే ఎక్కాను. తెగిన వైరు కట్టి దిగాక చూస్తే, చెనక్కాయ చేలకు అవతల ఇంకో స్తంభం మీద వైరును మోసే పింగాణీ ఇన్సులేటరు పగిలి ఉంది. వచ్చినవాణ్ణి వచ్చాను, ఇదీ మార్చేద్దామని సంచిలో ఉన్న కొత్తదీ, తాడూ తీసుకుని అటు నడిచాను. నాతో వచ్చిన హెల్పరు అప్పటికే మిగతా సామాను సైకిలుకు కట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. తెగిన వైరు కట్టేసి ఉండడం, కింద ఎవరూ లేకపోవడం చూసి, ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన పోస్టాఫీసు నుంచి మదనపల్లెకు ఫోను చేయించాడు. పని అయిపోయింది, అందరూ దిగిపోయారు, కరెంటివ్వండి అని.

మా అప్పటి ఆఫీసరు వెంటనే లైను ఛార్జి చేయమన్నాడు, అంటే కరెంటు వదలమన్నాడు. సబ్‌స్టేషన్లో ఆపరేటరు నరసింహులు. బక్క మనిషి, మాట తక్కువ, మొండితనం ఎక్కువ. రెడ్డెప్ప సార్ చెప్పినాడా అని ఒకే ప్రశ్న వేశాడట. రెడ్డెప్ప అంటే నేను. ఆయన చెప్పలేదు, ఊరంతా చెబుతోంది అన్నాడు ఆఫీసరు. నరసింహులు స్విచ్చి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. రైతులు పంపుసెట్ల కోసం తిట్టారు, సినిమా హాలు వాళ్ళు వచ్చి తిట్టారు, ఆఫీసరు ఉద్యోగం తీయిస్తానన్నాడు. అతను కదల్లేదు.

ఆ సేపంతా నేను స్తంభం పైనే ఉన్నాను. నడుముకు తాడు, చేతిలో వైరు, కింద చేలో వాన నీళ్ళు. ఆహా చల్లగా ఉందే గాలి అనుకుంటున్నాను కూడా.

చీకటి పడే ముందు దిగి, పోస్టాఫీసుకు నడిచి ఫోను చేశాను. దిగినావా అని అడిగాడు నరసింహులు. దిగినానన్నాను. ఇంకోసారి సెప్పు అన్నాడు. ఇంకోసారి చెప్పాక గాని తాళం తీయలేదు.

మర్నాడు జరిగిందంతా తెలిసింది. కొంచెం మిఠాయి తీసుకుని అతని దగ్గరికి వెళ్ళాను. నా ప్రాణం కాపాడావు అన్నాను. అతను మిఠాయి తీసుకున్నాడు గాని పొగడ్త తీసుకోలేదు.

“నీ మీద ప్రేమతో గాదు సార్. నువ్వు దిగినావని సెప్పడానికి నేనెవుర్ని? వాళ్ళెవురు? దిగినోడు సెప్పల్ల.”

ఆ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నెమ్మదైన మనిషి. పైనుంచి వచ్చే ఫోనుకు తప్ప దేనికీ భయపడేవాడు కాదు, అంతే. మా డిపార్టుమెంటులో మనుషులు దుర్మార్గం వల్ల పోయింది తక్కువ, తొందర వల్ల పోయింది ఎక్కువ.

పుంగనూరు: ఒక్క బల్బు ఆరితే

పుంగనూరులో నా మీద ఆఫీసరు జయరాములు. బొజ్జ, ముక్కుపొడుం, మెల్లగా మాట. నేను పనిచేసిన వాళ్ళలో ఈయన దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

జాతరకు వీధిలో దీపాలు పెట్టాం. అప్పట్లో సీరియల్ సెట్లంటే మోజు. చిన్న బల్బులన్నీ దండలో పూల మాదిరి ఒకదాని వెంట ఒకటి కలిపేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, వైరు కూడా తక్కువ పడుతుంది. దాంట్లో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోతుంది. నాకు తెలుసు. తెలిసీ, ఒక్క సాయంత్రానికి ఏమవుతుందిలే అనుకున్నాం. గుడ్డల దుకాణం ఆయన తన బ్యానరుకు అడ్డమొచ్చిందని ఒక బల్బు ఊడదీశాడు. వీధి వీధంతా ఒక్కసారిగా చీకటి. జనం తోసుకున్నారు. ఒకామె కాలు బండి చక్రం కింద పడింది. కాలు దక్కింది గాని ఆమె అరుపు నేనింకా మరిచిపోలేదు.

జయరాములు సార్ వచ్చాడు. ఆమెను ఆసుపత్రికి పంపించి, మర్నాడు పొద్దున్నే మమ్మల్నందర్నీ నిలబెట్టి మొత్తం వైరింగు ఊడదీయించాడు. ప్రతి బల్బుకూ దాని కరెంటు దానికి విడిగా అందేట్టు మళ్ళీ వేయించాడు. ఆయనా చేతులు నల్లగా చేసుకుని మాతోపాటే కూర్చున్నాడు. ఒకరి బల్బు ఆరితే ఊరంతా యాల ఆరాలప్పా అన్నాడు, పొడుం పీలుస్తూ. మా వైపు యాల అంటే ఎందుకు అని. ఆ తర్వాత నేనెక్కడ దీపాలు పెట్టించినా, వైరు ఎక్కువ పట్టినా సరే, విడి కనెక్షన్లే ఇచ్చాను.

కుప్పం: సిలోనోళ్ళు

కుప్పానికి ఎనభైల మొదట్లో వచ్చాను. ఊరి చివర రాతి క్వారీల దగ్గర ఒక కాలనీ ఉండేది. ఊళ్ళో వాళ్ళు సిలోనోళ్ళ కాలనీ అనేవారు. వాళ్ళ తాత ముత్తాతలు కరువులో మా బైరెడ్డిపల్లె, కుప్పం పల్లెల నుంచే సిలోను (ఇప్పుడు శ్రీలంక అంటున్నారు) టీ తోటలకు కూలికి పోయినవాళ్ళు. మన ప్రభుత్వమూ ఆ దేశ ప్రభుత్వమూ ఒప్పందం చేసుకున్నాక, మీరు ఇక్కడివాళ్ళు కాదు పొండి అని అక్కడి నుంచి పంపించేస్తే, కొందరు తాతల ఊళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఇంట్లో తెలుగు, బయట అరవం. క్వారీలో రాయి కొట్టి బతికేవారు.

వాళ్ళకు పెద్ద మునెప్ప. టీ తోటలో కూలీల మేస్త్రీగా చేసినవాడు. అక్కడ ఆ పనిచేసేవాణ్ణి కంగాణి అంటారు, అందుకని ఇక్కడా అందరూ కంగాణి అనే పిలిచేవాళ్ళు. కాలనీకి వీధి దీపాలు వేయించేటప్పుడు నాకు పరిచయమయ్యాడు. నిటారుగా నడిచేవాడు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఇంట్లో ఆయనా, కోడలు రాసమ్మా. కొడుకు సెల్వరాజు కాగితాలు తేలక కొలంబోలోనే ఒక దుకాణంలో పనిచేస్తూ ఉండిపోయాడు. ఇవాళో రేపో వస్తాడని చూస్తున్నారు.

ఎనభై మూడు జూలైలో ఆ దేశంలో సింహళ మూకల వాళ్ళు తమిళుల్ని ఊచకోత కోశారు. ఇళ్ళు, దుకాణాలు తగలబెట్టారు, బస్సుల్లోంచి లాగి చంపారు. మన పేపర్లలో కూడా వచ్చింది. కాలనీలో దాదాపు ప్రతి ఇంటికీ అక్కడ ఎవరో ఒకరున్నారు. కబుర్లు ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కటీ మంచి కబురు కాదు. సెల్వరాజు పనిచేసే దుకాణం తగలబడిందనీ, లోపలున్న వాళ్ళెవరూ బయటికి రాలేదనీ శరణార్థుల శిబిరానికి వచ్చిన ఒకతను చెప్పాడు. మునెప్ప రామేశ్వరం వైపు పోయి, శిబిరాలన్నీ తిరిగి, ఉత్త చేతులతో వచ్చాడు. మమ్మల్ని ఆడ అరవోళ్ళని సంపిరి, ఈడ సిలోనోళ్ళంటారు, మేము ఎవురిమో మాకే తెలీడంలేదు సార్ అన్నాడు నాతో ఒకసారి.

ఏడాది తిరిగొస్తుండగా కాలనీ మొత్తం ఒక మాట మీదికొచ్చింది. పోయినవాళ్ళకు సమాధి లేదు, కాల్చిన చోటు లేదు. ఏటి దినానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క దీపం పెట్టాలి, అదీ ఇంట్లో మూల కాదు, ఊరంతా చూసే చోట. ఊరంతా చూసే చోటంటే కుప్పంలో మాకున్నది బస్టాండు దగ్గర నీళ్ళ ట్యాంకు. రైల్లో పోయేవాళ్ళకు కూడా కనబడేది. ఆషాఢం గాలికి ఆ ఎత్తున నూనె దీపం క్షణం నిలవదు. అందుకని మునెప్ప నా దగ్గరికి వచ్చాడు, కరెంటు బల్బులు పెట్టించమని.

పంచాయతీ వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. బిగుసుకున్నది మా ఆఫీసరు రామ్మూర్తి సార్. జాతరకిస్తాం, ఉరుసుకిస్తాం, పెళ్ళికిస్తాం, చావుకు దీపాలంటే ఎట్లయ్యా, రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి అన్నాడు. ఈయన సంతకం పెట్టే ముందు ఎప్పుడూ కిటికీలోంచి ఒకసారి బయటికి చూసేవాడు, ఎవరైనా వస్తున్నారేమో అన్నట్టు. మునెప్పను తీసుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చోబెట్టాను. మునెప్ప బతిమాలలేదు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పాడు. చివరి పేరు అయ్యేలోగా రామ్మూర్తి సార్ కలం తీశాడు. ఆయన్ని పిరికివాడని చాలామంది ఎగతాళి చేసేవాళ్ళు, నేనూ చేశాను. ఆ రోజు మాత్రం కిటికీ వైపు చూడలేదు.

రాసమ్మ

వైరింగు పని లైన్‌మన్ ఖాదర్‌కు అప్పగించాను. ఉరుసులకూ జాతరలకూ దీపాలు కట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. అలవాటు చొప్పున ఎరుపు, పచ్చ, నీలం బల్బులు సంచినిండా తెచ్చాడు. ఇది ఉరుసు కాదయ్యా అని చెబితే నాలుక కరుచుకుని, అన్నీ వెనక్కిచ్చి తెల్లవి తెచ్చాడు.

దీపాల రోజుకు ముందురోజు మధ్యాహ్నం రాసమ్మ ఆఫీసుకు వచ్చింది. క్వారీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరంతా రాతిపొడి, నుదుట బొట్టు మాత్రం ఎర్రగా ఉంది. తన భర్తకని మామ ఒక బల్బు లెక్కలో చేర్చాడనీ, అది పెట్టొద్దనీ అడిగింది. ఇది మీ ఇంటి సంగతి, మీ మామతో మాట్లాడుకో అమ్మా, మాది వైరు పని మాత్రమే అన్నాను. ఇట్లాంటి జవాబులు ఆఫీసు కుర్చీలో కూర్చుంటే వాటంతటవే వస్తాయి. ఆమె కదల్లేదు.

“ఆ లైటు ఎలిగితే మా ఆయన సచ్చినట్టు సార్. ఊరంతా సూస్తాది. తెల్లారి నా బొట్టు తుడవడానికొస్తారు. సచ్చినాడని సూసినోళ్ళు ఒకరూ లేరు. నేను యాల ఒప్పుకోవల్ల?”

అంతే చెప్పి వెళ్ళిపోయింది. ఖాదర్ చేతిలో ఉన్న హోల్డరు కింద పెట్టేసి నా మొహం చూశాడు. నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నరసింహులు గుర్తొచ్చాడు. ఊరంతా దిగిపోయారని చెప్పిన సాయంత్రం నేను పైన ఉన్నాను, చల్లగాలి పీలుస్తూ.

కాలనీకి వెళ్ళి మునెప్పను బయటికి పిలిచాను. కోడలు వచ్చిందని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. క్వారీ వైపు చూస్తూనే చెప్పాడు.

“మీ బిడ్డలు పోయినారు, ఒప్పుకోండి, దీపం పెట్టండి అని ఇంటింటికీ పోయి సెప్పినోణ్ణి నేను సార్. ఇప్పుడు నా కొడుకు మాత్రం ఉండాడని యా నోటితో సెప్పేది?”

న్యాయమైన మాట. కాలనీలో ఎంతమంది తల్లులు ఆయన మాట విని గుండె రాయి చేసుకున్నారో నాకు తెలుసు. అయినా మదనపల్లె సంగతంతా చెప్పాను. స్తంభం, ఫోను, తాళంచెవి, అన్నీ. మా పనిలో, పైకెక్కిన మనిషి దిగొచ్చి తన నోటితో చెప్పేదాకా అతను పైన ఉన్నట్టే లెక్క, ఎన్ని ఊళ్ళు చీకట్లో ఉన్నా సరే అని చెప్పాను.

“ఉండాడని సెప్పొద్దు కంగాణీ. పోయినాడని గూడా సెప్పొద్దు. రెండూ తెలీవు మనకు.”

ఆయన లేచి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. తావు ఉండనీండి, బల్బు వద్దు అన్నాడు. సెల్వరాజుకని అనుకున్న చోట హోల్డరు ఉంటుంది, దాంట్లో దీపం ఉండదు. తలుపు వెనక రాసమ్మ వింటూనే ఉంది. నేను వచ్చేటప్పుడు గ్లాసునిండా మజ్జిగ తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం

ఆరుబయట ఖాళీ హోల్డరు వదలడం మా పనిలో తప్పు. వాన పడినా, ఎవరైనా వేలు పెట్టినా ప్రమాదమే. దానికి వచ్చే వైరు విడదీసి, మూతి మీద గుడ్డ పెట్టి, టేపు గట్టిగా చుట్టమన్నాను ఖాదర్‌కు. అతను దాన్ని దెబ్బ తగిలిన వేలికి కట్టు కట్టినంత జాగ్రత్తగా చుట్టాడు. బల్బులన్నీ విడి కనెక్షన్ల మీద ఉన్నాయి కాబట్టి ఒకచోట ఖాళీ ఉన్నా మిగతావాటికి ఏ ఇబ్బందీ లేదు. జయరాములు సార్‌ను మనసులో తలుచుకున్నాను.

పొద్దు గుంకుతుండగా కాలనీ వాళ్ళంతా ట్యాంకు కింద చేరారు. స్విచ్చి నేను వేయను అన్నాడు మునెప్ప. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న ఒకామె చేత వేయించాడు. ట్యాంకు చుట్టూ, మెట్ల వెంట, తెల్లగా దీపాలు.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. కుప్పంలో దీపాలు వెలిగితే పండగే. బస్టాండులో జనం నవ్వుకుంటూ వచ్చారు, ఏం జాతరప్పా ఇది అని అడుగుతూ. బొరుగుల బండి ఒకటి వచ్చేసింది. మైకుసెట్టు ఆయనైతే పిలవకుండానే పాట పెట్టాడు. నాకు ఒళ్ళు మండి అతని వైరు పీకేద్దామని లేచాను. మునెప్ప నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే వెళ్ళి ఆ మైకు అడిగి తీసుకున్నాడు. మా వాళ్ళు పోయినారు, ఇవి వాళ్ళు అని మొదలుపెట్టి, పైకి చూపిస్తూ ఒక్కొక్క దీపానికీ ఒక్కొక్క పేరు చెప్పాడు. ఊరు, వయసు, ఏం పని చేసేవాడు, ఎవరి బిడ్డ. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఎవర్నీ తిట్టలేదు.

రెండో పేరుకే బొరుగుల ఆయన బండి మీద లాంతరు తగ్గించాడు. బెంగుళూరు బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి దిగి నిలబడ్డాడు. నవ్వుతూ వచ్చినవాళ్ళు చెప్పులు విడిచారు, ఎవరూ చెప్పకుండానే. టేపు చుట్టిన హోల్డరు దగ్గరికొచ్చేసరికి మునెప్ప ఒక ఊపిరి సేపు ఆగి, ఏ పేరూ చెప్పకుండా తర్వాతి దీపానికి పోయాడు. రాసమ్మ సరిగ్గా దాని కిందే కూర్చుని పైకి చూస్తోంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఆమెకు కావలసింది ఆ ఒక్క ఊపిరే అనిపించింది నాకు. ఇంటికి పోతుంటే నా గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది.

ఇంటి ముందర

అదే ఏడాది చలికాలంలో ఒక పొద్దున ఖాదర్ కాలనీలో వీధి దీపం బాగు చేస్తున్నవాడల్లా సైకిలెక్కి మా ఇంటికి పరుగున వచ్చాడు. సెల్వరాజు వచ్చినాడు సార్, బతికే ఉండాడు, గానీ ఆ ముసిలాయన ఇంట్లోకి రానీడంలేదు అన్నాడు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయల్దేరాను.

చూద్దును కదా, ఇంటి ముందు బండ మీద ఒక బక్కచిక్కిన మనిషి కూర్చుని ఉన్నాడు, పక్కన చిన్న సంచి. గుమ్మానికి అడ్డంగా మునెప్ప. లోపల రాసమ్మ, మామను దాటి రావడానికి వీల్లేక, చేతిలో చెంబుతో నిలబడి ఉంది. కాలనీ అంతా చుట్టూ మూగింది.

సెల్వరాజు కథ ముక్కలు ముక్కలుగా విన్నాను. దుకాణం తగలబడుతుంటే వెనక గోడ దూకాడు. పక్క వీధి సింహళ దర్జీ ఒకాయన తన ఇంట్లో గుడ్డల మూటల వెనక దాచాడు. ఆ తర్వాత శిబిరం, జబ్బు, మళ్ళీ శిబిరం. ఓడ దిగాక కూడా, ఇక్కడి ఉత్తరాలు చేరక, ఇంటివాళ్ళు కుప్పానికి మారారని తెలియక, వాళ్ళు మొదట దిగినప్పటి పాత చిరునామాకు పోయి, అక్కడినుంచి అడుగుతూ అడుగుతూ వచ్చాడు. ఇంతా చేసి వస్తే కన్న తండ్రి గుమ్మంలో అడ్డం కూర్చున్నాడు.

ఇదేంది కంగాణీ అన్నాను. ఆయన నా వైపు చూడకుండా నేల వైపు చూస్తూ చెప్పాడు. నిరుడు శిబిరాలు తిరిగి ఎక్కడా కొడుకు లేడని తెలిశాక, రామేశ్వరం సముద్రంలో అతనికి నువ్వులూ నీళ్ళూ వదిలేసి వచ్చాడట. కర్మ పూర్తి చేసేశాడు. ఇంటికొచ్చి కోడలికి నోటితో చెప్పలేకపోయాడు. దీపంతో చెబుదామనుకున్నాడు. నేను పోయి ఆ దీపం ఆపించాను.

“నీళ్ళొదిలిన సేతులు సార్ ఇవి. సచ్చినోడని సెప్పేసినాను దేవుడికి. ఇప్పుడు అట్టే లోపలికి పిలిస్తే బిడ్డకేమన్నా అయితాదని బయం.”

కోపమనుకున్నది భయమని అప్పుడర్థమైంది అందరికీ. రాసమ్మ చెంబు కింద పెట్టేసింది. మామ వైపు ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి పోయింది.

ఊళ్ళోంచి పురోహితుణ్ణి పిలిపించాం. ఆయన అంతా విని, ఇందులో భయపడేదేమీ లేదు, శాస్త్రంలో దారి ఉంది అన్నాడు. కర్మ చేసేసిన మనిషి తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టు లెక్క. స్నానం చేయించి, తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవిలో పేరు పెట్టాలి. ఆ తర్వాత పెళ్ళానికి మళ్ళీ తాళి కట్టాలి.

నీళ్ళు కాగేదాకా సెల్వరాజు మాట్లాడుతూనే ఉన్నాడు. దుకాణంలో తనతో ఉండి బయటికి రాలేకపోయిన వాళ్ళ గురించి. వాళ్ళ పేర్లు కాలనీలో ఎవరికీ తెలియవు, వాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు ఎక్కడున్నారో కూడా తెలియదు. మునెప్ప ప్రతి పేరూ రెండుసార్లు అడిగి చెప్పించుకుని, వచ్చే ఏడు ఇంకొన్ని బల్బులు కావల్ల సార్ అన్నాడు నాతో. అలాగేనన్నాను. నేను కుప్పంలో ఉన్నన్నాళ్ళూ ఏటా ఆ పేర్లకూ దీపాలు పెట్టాం.

ఇంటి ముందరే, నడి ఎండలో, పేరు పెట్టారు. స్నానం చేసి కొత్త పంచె కట్టుకున్న కొడుకును మునెప్ప ఒళ్ళోకి తీసుకున్నాడు. తండ్రికన్నా పొడుగు మనిషి, కాళ్ళు బండ దాటి నేల మీదికొచ్చాయి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. చెవిలో మూడుసార్లు పేరు చెప్పమన్నాడు పురోహితుడు. మునెప్ప నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. మైకులో అన్ని పేర్లు తడబడకుండా చెప్పిన మనిషి సొంత కొడుకు పేరు దగ్గర ఆగిపోయాడు. చివరికి “సెల్వరాజు” అన్నాడు, చెవిలో కాదు, ఊరంతా వినబడేట్టు. ఇంకా రెండుసార్లు చెప్పాల్సి ఉండగానే ఆ తల గుండెకు అదుముకుని బావురుమన్నాడు. ఏడాదిన్నరగా ఆయన కంట్లో నీళ్ళు ఎవరూ చూసినవాళ్ళు లేరు. ఖాదర్ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

కాస్త తేరుకున్నాక పురోహితుడు పసుపుకొమ్మూ తాడూ తెమ్మన్నాడు. కోడల్ని పిలవండమ్మా, తాళి కట్టాలి అన్నాడు. లోపల పొయ్యి దగ్గర్నుంచి రాసమ్మ గొంతు వినిపించింది, అందరికీ వినబడేట్టు, నింపాదిగా.

“నీళ్ళొదిలినోళ్ళు పేరు పెట్టుకోండి సామీ, నేనొద్దన్లేదు. నేనెప్పుడూ వదల్లేదు, నాకెందుకు ఇంకో పెండ్లి? అన్నం ఆరిపోతాంది, ఆయన్ని లోపలికి రమ్మనండి.”

మునెప్ప కళ్ళు తుడుచుకుని గుమ్మం పక్కకు జరిగాడు.